కాలు కింద పెట్టని దీక్ష

ఆ ఉదయం లక్ష్మా వేసుకున్న పథకం చాలా చిన్నది. మానుకోట నుంచి నెల్లికుదురు మీదుగా అత్తగారి తండా వరకు సైకిల్ మీద వెళ్ళాలి. తండా కనిపించగానే దిగి సైకిల్‌ను మక్కచేనులో దాచాలి. ఒంటికి అతుక్కుపోయిన నల్ల నిక్కరు మీద ప్యాంటు తొడుక్కోవాలి. కాళ్ళకు కాస్త దుమ్ము రాసుకుని, పొద్దున్నుంచి నడిచి నడిచి అలసిపోయిన ముఖం పెట్టి, పెద్దమనుషుల ముందు "తప్పయింది" అని చెప్పి, భార్య జమ్లీని ఇంటికి తెచ్చుకోవాలి.

సైకిల్‌ను దాచడం ఎందుకంటే, గొడవంతా దానితోనే మొదలైంది. లక్ష్మా సర్కారు బడిలో డ్రిల్లు సారు. అతని దూరపు బంధువు హీర్యా దేశమంతా తిరిగి సైకిల్ పందేలు తొక్కినవాడు. మోకాలు చెడిపోయాక తన పందెపు సైకిల్‌ను, దానితోపాటు వాడే బూట్లను, హెల్మెట్‌ను లక్ష్మా చేతిలో పెట్టి, "ఎండల పెట్టకు, వానల పెట్టకు, ఎవ్వలకూ ఇయ్యకు" అని చెప్పి పోయాడు. ఆ మాటలను లక్ష్మా మంత్రాల్లా పట్టుకున్నాడు. సైకిల్ పడకగదిలోకి వచ్చి చేరింది.

అది మామూలు సైకిల్ కాదు మరి. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైర్లు బొటనవేలంత సన్నం. ఇనుమన్నదే పెద్దగా లేదు, ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. "గ్యాసు సిలిండర్ల సగం బరువు లేదు చూడు" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ లక్ష్మా ఎత్తి చూపించేవాడు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి సీటు సమంగా ఉందో లేదో చూసేవాడు. వెంట్రుకవాసి పైకి లేపేవాడు, మళ్ళీ వెంట్రుకవాసి దించేవాడు. ఈ కొలతలన్నిటికీ టేపు రెండో కొస పట్టుకునేది జమ్లీయే. ఆమె వేలు పొరపాటున సైకిల్‌కు తగిలితే మాత్రం "మరక పడ్తది, జర దూరం" అనేవాడు. చివరికి ఒకరోజు ఆమె పళ్ళు తోముకునే బ్రష్షుతో చైను కడిగాడు. జమ్లీ ఆ సాయంత్రమే పుట్టింటికి వెళ్ళిపోయింది.

సకల జనుల సమ్మె జోరుగా సాగుతున్న రోజులవి. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటడం లేదు, రోడ్డెక్కిన ఆటోను ఎక్కడికక్కడ ఆపేస్తున్నారు. సరిగ్గా అప్పుడే మామ భోజ్యా ఫోన్ చేశాడు.

"రేపు పగటి బువ్వ యాళ్లకు పెద్దమనుషులు కూసుంటున్నరు. అందరి ముందట తప్పు ఒప్పుకొని పిల్లను తీస్కపో. రాకుంటే నీకు పిల్ల అక్కర లేదనుకుంటం."

అంతలో ఫోన్ జమ్లీ లాక్కుంది. "నడిచి రా, ఎడ్లబండి మీద రా. ఆ సైకిల్ మీద వచ్చినవంటే మాత్రం నేను మళ్ళ ఆ ఇంటి గడప తొక్క!"

నడిచి వెళ్తే పెద్దమనుషులు లేచి వెళ్ళిపోయాక చేరతాడు. ఎడ్లబండి మీద వెళ్తే ఇంకా ఆలస్యం. అందుకని మక్కచేను పథకం.

ఇక్కడ బూట్ల సంగతి కొంచెం చెప్పాలి. పందెపు సైకిల్ తొక్కే బూటు అడుగున ఒక బిళ్ళ ఉంటుంది. అది పెడల్‌లో టక్కున ఇరుక్కుని కాలిని పట్టేస్తుంది. మడమ పక్కకు తిప్పితే ఊడుతుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉండాలో సరిచేసుకోవడానికి పెడల్‌కు చిన్న స్క్రూ ఉంటుంది. కొలతల మీద మోజుతో ముందురోజు లక్ష్మా ఆ స్క్రూను తిరిగినంత వరకు తిప్పేశాడు. దాన్ని వదులు చేసే పనిముట్టును కిటికీలో మరిచిపోయి బయలుదేరాడు.

ఊరు దాటాడో లేదో, రోడ్డుకు అడ్డంగా వంటావార్పు ఎదురైంది. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పప్పు, అన్నం, పక్కన రిలే నిరాహార దీక్షల షామియానా. లక్ష్మా బ్రేకు వేసి మడమ తిప్పాడు. ఊడలేదు. రెండో కాలు తిప్పాడు. అదీ ఊడలేదు. ఆగితే పడతాడు కాబట్టి పప్పు గంజు చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు.

"అరె, దిగు తమ్మీ! పప్పుల పడ్తవ్!" అని మైకులోనే అరిచాడు వెంకట్రాం. ఆయన కాలేజీ లెక్చరర్, ఆ శిబిరానికి కన్వీనర్. సమ్మె మొదలైనప్పటి నుంచి మైకు లేకుండా మాట్లాడటం మానేశాడు.

"కాలు కింద పెట్టలేనన్నా!" అంటూ లక్ష్మా ఇంకో చుట్టు తిరిగి, షామియానా గుంజను కావలించుకుని ఆగాడు.

జనం మూగారు. అందులో సగం మంది అతని బడి పిల్లల తల్లిదండ్రులే. బూటు లేసు సరిగా కట్టుకోలేదని ఆ పిల్లలను ఎండలో నిలబెట్టిన డ్రిల్లు సారు, ఇప్పుడు తన బూటే ఇరుక్కుందని ఎలా చెబుతాడు? వెంకట్రాం అతని హెల్మెట్‌నూ నిక్కరునూ ఎగాదిగా చూశాడు. ఆయన బాధ వేరు. దీక్షా శిబిరం పాతబడిపోయి, పత్రికలవాళ్ళు ఫొటో తీయడానికి కూడా రావడం లేదు.

"ఏంది తమ్మీ, తెలంగాణ వచ్చేదాక కాలు కింద పెట్టనని మొక్కుకున్నవా?"

లక్ష్మా క్షణం ఆలోచించాడు. స్క్రూ కంటే రాష్ట్రమే గౌరవంగా తోచింది.

"అవునన్నా."

ఇక చెప్పేదేముంది! "జై తెలంగాణ" అన్న కేకకు పొయ్యి మీద పప్పు కూడా ఉలిక్కిపడింది. కొమ్ముల హ్యాండిల్‌కు జెండా కట్టారు. మెడలో బంతిపూల దండ వేశారు. ఒక అవ్వ వచ్చి ముందు చక్రానికి పసుపు పూసి బొట్టు పెట్టింది. మరకల గురించి మాట్లాడే ధైర్యం లక్ష్మాకు లేకపోయింది.

"ఇప్పుడు ఎందాక పోతున్నవ్?" అడిగాడు వెంకట్రాం.

"మా అత్తగారి తండా..." అని నోరు జారాడు లక్ష్మా.

"చూసిన్రా! ముందుగాల ఇల్లాలికి చెప్పనీకె పోతున్నడు! మనమే తోల్కపోదాం పాండ్రి!"

మోటార్‌సైకిళ్ళు కదిలాయి. వాటి వెనక మైకు కట్టిన ఆటో. వీళ్ళను దాటిపోతే తప్ప మక్కచేను దక్కదని లక్ష్మా ప్రాణం పెట్టి తొక్కాడు. ఎంత తొక్కితే అంత ఉత్సాహంగా మోటార్‌సైకిళ్ళు వెంటబడ్డాయి. "వీరుని వేగం చూడుండ్రి!" అని వెనక నుంచి మైకు అంది.

నెల్లికుదురులో ముందే ఫోన్ అందుకున్న జనం రోడ్డు మీదే ఉన్నారు. నలుగురు పరుగెత్తుకొచ్చి సైకిల్‌ను పడకుండా పట్టుకున్నారు. పంచర్ల దుకాణం నుంచి నబీసాబ్ బయటకు వచ్చి, ఆ సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, నొచ్చుకున్నాడు.

"అరె అల్లా! స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు, గంట గూడ లేదు. నీకు ఎవడో సగం సైకిలే అమ్మిండు బేటా!"

లక్ష్మా ఆయన్ను దగ్గరకు పిలిచి చెవిలో చెప్పాడు. "చాచా, దీక్ష లేదు, ఏం లేదు. కాలు ఇరుక్కుంది, వదులు చేసేది ఇంట్లనే మర్చిన. ఎవ్వలకు తెల్వకుండ జర తియ్యి, నీకు పుణ్యముంటది."

నబీసాబ్ వంగి చూశాడు. రెండు చేతులతో మడమ పట్టుకుని తిప్పాడు. పానా పెట్టి చూశాడు, స్క్రూడ్రైవర్ పెట్టి చూశాడు. చివరికి లేచి నిలబడి, ఇంత గట్టి బిగింపు కావాలని చేసుకున్నదేనని తేల్చుకుని, కళ్ళు తుడుచుకుని జనం వైపు తిరిగాడు.

"దారిల మనసు మారుతదని కాళ్ళకు తాళం ఏసుకున్నడు! చాబీ గూడ ఇంట్లనే ఇడిసిపెట్టి వచ్చిండు! షాబాష్ బేటా!"

దండలు రెట్టింపయ్యాయి. నబీసాబ్ తన వంతు సేవగా లక్ష్మాను సైకిల్ మీదే ఉంచి రెండు కాళ్ళ ఇనుప స్టాండు బిగించాడు. తర్వాత మడ్‌గార్డులు, క్యారేజీ, గంట. రెంచీ మెలి తిరిగినప్పుడల్లా లక్ష్మా గుండె మెలి తిరిగింది. "చాచా, బరువైతది చాచా" అని మూలిగాడు. "ఫికర్ చెయ్యకు, అంతా ముఫ్త్, పైస తీస్కోను" అన్నాడు నబీసాబ్. పని అయిపోయాక సంచి భుజాన వేసుకుని తనూ ఆటో ఎక్కాడు, దారిలో ఏదైనా వదులైతే బిగించడానికి.

మక్కచేను వచ్చింది. మక్కచేను పోయింది. ఊరేగింపు తిన్నగా తండాలోకి, భోజ్యా ఇంటి ముందుకు, పెద్దమనుషులు కూర్చున్న మంచాల నడుమకు వెళ్ళి ఆగింది. సైకిల్‌ను స్టాండు మీద నిలబెట్టారు. ఏ మనిషిని ఏ వాహనం మీద రావద్దని జమ్లీ చెప్పిందో, ఆ మనిషి అదే వాహనం మీద నల్ల నిక్కరుతో, మెడ దాకా బంతిపూలతో ఆమె గుమ్మం ముందు ప్రతిష్ఠ అయ్యాడు. అత్త నిక్కరు చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

జమ్లీ బయటకు వచ్చింది. అక్కడి నుంచి మాటలు వాళ్ళ ఇంటి భాషలో నడిచాయి. తండాకంతా అర్థమైంది, పట్నం నుంచి వచ్చినవాళ్ళకు ఒక్క ముక్క కాలేదు.

"వద్దన్నదాని మీదనే వచ్చినవు. మేళం గూడ తెచ్చినవు. సిగ్గున్నదా?"

"ఆ వీరవనిత భర్తను ఆశీర్వదిస్తున్నది!" అని మైకులో చెప్పాడు వెంకట్రాం.

"జమ్లీ, నేను చేన్ల దాచి నడిచొచ్చినట్టే రావాలనుకున్న. స్క్రూ బిగించిన. కాళ్ళు ఇరుక్కున్నయి. దిగరాక చస్తున్న."

"తెలంగాణ కోసం చావనీకె గూడ తయారంటున్నడు!"

తండా ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భోజ్యా దగ్గు నటిస్తూ గోడ వైపు తిరిగాడు. కానీ జమ్లీ నవ్వలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా బ్రష్షు పోతే పోయింది. ఈ తండా నుంచి నెల్లికుదురు బడికి మా నాయిన సైకిల్ బార్ కింద కాలు పెట్టి తొక్కుకుంట పోయిన దాన్ని నేను. నీ టేపు కొస పట్టిన, నీ రసమట్టం పట్టిన. ఇన్ని దినాలల్ల ఒక్కసారన్న, జమ్లీ, నువ్వు తొక్కుతవా అని అడిగినవా?"

లక్ష్మాకు పొద్దున్నుంచి మొదటిసారి ఇరుక్కున్న కాళ్ళు గుర్తుకు రాలేదు. నిజంగానే ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె రోజూ ఆ టేపు కొస పట్టుకుని ఎందుకు నిలబడేదో ఇప్పుడు తెలిసింది.

"తప్పయింది జమ్లీ," అన్నాడు. మంచాల మీది పెద్దమనుషులు తలలూపారు.

మైకు ఏదో అనబోయింది. జమ్లీ చేయెత్తి ఆపి, అందరికీ తెలిసేలా తెలుగులోకి మారింది.

"సారూ, మీ దీక్షలు రిలేనే కదా? ఇయ్యాల ఒకరు, రేపు ఒకరు?"

"అవునమ్మా, రిలేనే" అన్నాడు వెంకట్రాం.

"అయితే ఈయన వంతు అయిపోయింది. ఇగ నాది."

లోపలికి వెళ్ళి నిమ్మరసం తెచ్చి, దీక్ష విరమింపజేసే పెద్దల్లాగే లక్ష్మా నోటికి అందించింది. తర్వాత వంగి అతని కాళ్ళ వైపు చూసింది. బూటు మీద అడ్డంగా వెడల్పాటి పట్టీలు ఉన్నాయి. వాటి కొస పట్టుకుని లాగింది. పర్రుమని ఊడాయి. బూటు పెడల్‌కే ఉండిపోయింది, సాక్సుతో సహా కాలు బయటకు వచ్చింది.

నబీసాబ్ తన పానా వైపు చూసుకున్నాడు. బూటు విడిచి కాలు తీసుకోవచ్చన్న సంగతి మానుకోట నుంచి ఇక్కడి దాకా ఇంత మందిలో ఒక్కరికీ తట్టలేదు. లక్ష్మా కూడా అందులో ఒకడు.

"తాళం దీసిన తల్లికి జై!" అన్నాడు నబీసాబ్, ముందుగా తేరుకుని. వెంటనే పానా వేసి, బూట్లతో సహా రెండు పెడళ్ళనూ విప్పి లక్ష్మా చేతుల్లో పెట్టి, సంచిలోంచి రబ్బరు పెడళ్ళు తీసి బిగించాడు. జమ్లీ కొంగు దోపి ఎక్కింది. తండా చుట్టూ ఒక రౌండు కొట్టి, గంట మోగిస్తూ వచ్చి ఆగింది. మహిళా దీక్ష మొదలైందని వెంకట్రాం ప్రకటించాడు. ఈసారి కబురు అందగానే ఫొటో తీసేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

అత్త పంపిన మక్కకంకుల మూట క్యారేజీకి కట్టారు.

"పా ఇంటికి" అంది జమ్లీ. "నేను మెల్లగ తొక్కుత, నువ్వు నడువు. నడిచొచ్చినట్టు ముఖం పెడ్తనంటివి కదా, ఇప్పుడు పెట్టు."

లక్ష్మా సాక్సులతో నడిచాడు. దుమ్ము ప్రత్యేకంగా రాసుకోవలసిన అవసరం రాలేదు.

తర్వాత తెలంగాణ వచ్చింది. జమ్లీ ఆ సైకిల్ మీదే అంగన్‌వాడీకి పోతోంది, క్యారేజీకి కోడిగుడ్ల బుట్ట కట్టుకుని. దీక్ష రిలే కాబట్టి తన వంతు ఎప్పుడొస్తుందని లక్ష్మా అప్పుడప్పుడు అడుగుతుంటాడు. అది మాత్రం ఇంకా రాలేదు.