మామగారి డ్రైవింగు

ఆ ఉదయం వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. మామగారి పాత ఆఫీసువాళ్ళంతా ఒక హాల్లో కలుస్తున్నారు. క్యాబ్ నడిపే అల్లుడు తన కారులో దింపాలి. షరతులు రెండే: ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, క్యాబ్ యాప్ కట్టెయ్యాలి. అల్లుడు ఏదో కంపెనీలో మేనేజరని మామగారు అక్కడ ఏనాడో చెప్పేసి కూర్చున్నారు మరి.

అల్లుడికి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. యాప్‌లో అతని రేటింగు నాలుగు పాయింట్ తొమ్మిది. మామగారు గనక ఇచ్చి ఉంటే రెండు దాటేది కాదు. తనను డ్రైవరని ఆయన నలుగురిలో ఒక్కసారి చెబితే చాలనుకునేవాడు.

వీధి మలుపులో ఫోను మోగింది. యాప్ కట్టెయ్యడం మరిచిపోయాడు. బుర్ర వద్దనేలోపే బొటనవేలు సరేనంది.

"క్యాన్సిల్ చెయ్యి బాబూ," అన్నారు మామగారు.

"రేటింగు పడిపోతుంది మామయ్యా. దారిలోనే, ఒక్కరేగా."

ఆ ఒక్కరూ మామగారి పాత ఆఫీసరు. వెళ్ళేదీ ఆ హాలుకే. మనవరాలి చేత బుక్ చేయించుకున్న మనిషి గనక డ్రైవరు ఫొటో చూసుకోలేదు.

కారెక్కుతూనే మామగారిని చూసి, "ఏమయ్యా, నువ్వా? ఈ అబ్బాయి డ్రైవరా?" అన్నారు.

మామగారు గబుక్కున అడ్డుపడ్డారు. "అబ్బే, మా అల్లుడండి, మేనేజరు. డ్రైవర్ని నేనే. రిటైరయ్యాక ఖాళీగా ఉండలేక..."

"మరి స్టీరింగు అతని చేతిలో ఉందేం?"

"నేర్పిస్తున్నానండి."

"నేర్చుకునేవాడి చేతిలో నా ప్రాణాలు పెడతావా? నువ్వే తోలు."

ఒక అబద్ధం నిలబడాలంటే వంద అబద్ధాలు కావాలంటారు. మామగారికి క్లచ్ కూడా కావలసివచ్చింది. ఆయన స్టీరింగు పట్టి చాలా కాలమైంది. కారు గంతేసి ఆగింది, మళ్ళీ గంతేసింది. సైకిళ్ళు దాటిపోతున్నాయి. పక్కసీట్లో అల్లుడు లేని బ్రేకును తొక్కుతూ, "రెండో గేరు మామయ్యా... అద్దం చూడండి... మెల్లగా," అని గొణుగుతున్నాడు. కష్టపడి నిలబెట్టుకున్న రేటింగు కళ్ళముందే కరిగిపోతుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

హాల్లో ఆఫీసరు మామగారి భుజం తట్టి, "ఈ వయసులో కారు తోలుకుంటున్నాడయ్యా, మీరూ ఉన్నారు," అని అందరికీ చూపించారు. చప్పట్లు మోగాయి. మామగారు కాదనలేదు. పైగా, "డ్రైవర్నని చెప్పుకోడానికి సిగ్గెందుకండీ? నలుగురినీ క్షేమంగా చేర్చే పని," అంటూ అందుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడి అల్లుడు అంతా విన్నాడు. ప్రతి మాటా అతను ఇంట్లో భోజనాల దగ్గర చెప్పిందే, అప్పుడు ఆయన పెరుగు అడిగారు.

సాయంత్రం రేటింగు వచ్చింది. అయిదుకి అయిదు. కింద ఆఫీసరు మనవరాలి చేత రాయించిన రెండు ముక్కలు: "డ్రైవరుగారు బాగా నడిపారు. పక్కనున్న మేనేజరు సలహాలు తగ్గించుకోవాలి."

మామగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఆయన అన్నదీ నిజమే బాబూ," అన్నారు.