వెస్టర్‌డాల్‌లో సరస్సు

ఆ శనివారం పొద్దున్న డ్వేన్ హాస్టాడ్ వేసుకున్న పథకం చాలా సాదాది. ఫలహారం కాగానే కారెక్కాలి. తను చదువుకున్న వెస్టర్‌డాల్ కాలేజీకి కూతురు మారెన్‌ను తీసుకెళ్ళి ఆవరణంతా తిప్పాలి. ఆఫీసులోకి వెళ్ళి "మా అమ్మాయి ఇక్కడే చేరుతుందండీ" అని చెప్పాలి. దారిలో ఎక్కడైనా కాఫీ తాగి చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఈ పథకంలో ఎక్కడా బురద ప్రస్తావన లేదు.

మారెన్‌కు రెండు కాలేజీలు సీటిచ్చాయి. ఒకటి వెస్టర్‌డాల్, రెండోది లిన్‌మోర్. రెండూ చిన్నవే. రెండింట్లోనూ కొంచెం సంగీతం, కొంచెం జీవశాస్త్రం, కొంచెం చరిత్ర కలిపి చెబుతారు. మా మిన్నెసోటా రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలకు లోటు లేదు. అక్కడ చదివితే ఏమవుతారని అడిగితే, మంచి ప్రశ్నలు వెయ్యడం వస్తుందంటారు. చదివి బయటికొచ్చినవాళ్ళు వేసే మొదటి మంచి ప్రశ్న, ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందని. డ్వేన్ వెస్టర్‌డాల్‌లో నాలుగేళ్ళు తత్వశాస్త్రం చదివి ఇప్పుడు ట్రాక్టర్లు అమ్ముతున్నాడు. కొనడానికొచ్చిన రైతు కాస్త తీరిగ్గా కనిపిస్తే తత్వశాస్త్రం కదిలిస్తాడు కూడా.

చిక్కేమిటంటే, మారెన్ పోయిన వారం తల్లి జూడీతో వెళ్ళి లిన్‌మోర్ చూసొచ్చింది. అక్కడ సరస్సుంది. సరస్సు గట్టున గంటస్తంభం ఉంది. గ్రంథాలయంలో కిటికీ పక్కన మెత్తటి అరుగుంది. ఆ అరుగు మీద కూర్చుని నీళ్ళను చూస్తూ మారెన్ అరగంట పాటు ఎవరు పిలిచినా పలకలేదు. అసలే ఆ పిల్ల నడుస్తూ నడుస్తూ కలల్లోకి జారిపోయే రకం. వారం రోజులుగా పాలలో రొట్టె ముంచి, ముంచిన సంగతి మరిచిపోతోంది. మనసు లిన్‌మోర్‌లో పడిందని తల్లికి తెలుసు. నాన్నకు చెప్పమంటే మాత్రం జూడీ ఒప్పుకోలేదు.

"నీ సరస్సు, నువ్వే చెప్పుకో. ఆఫీసు గుమ్మం ఎక్కేలోపు చెప్పావా సరే. ఎక్కాక చెప్పినా లాభం లేదు" అంది.

మారెన్ నోరు తెరవబోయేసరికి డ్వేన్ అటక మీంచి తన పాత ఆకుపచ్చ స్వెట్టరు దించుకొచ్చాడు. వెస్టర్‌డాల్ రంగు అది. ముప్పై ఏళ్ళుగా పురుగు తినకుండా దాచుకున్నాడు.

"వేసుకో తల్లీ. నీకోసమే ఉంచాను."

వేసుకోక ఏం చేస్తుంది?

వెనక సీట్లో నానమ్మ ఆర్డిస్ కూర్చుంది. ఒళ్ళో డబ్బా నిండా నిమ్మకాయ బిళ్ళలు. మా వైపు ముసలమ్మలు డబ్బా లేకుండా గడప దాటరు. దారి పొడుగునా డ్వేన్ తన కాలేజీ గురించే చెబుతున్నాడు.

"కొండ మీద ఆపిల్ తోట ఉంటుందే. ఇంకా పూతకు రాలేదనుకో, ఇది ఏప్రిలే కదా. మే నెలలో చూడాలి. చెట్టు కింద కూర్చుంటే రేకులు రాలి పుస్తకంలో పడేవి. దులిపేవాణ్ణి కాదు. అలాగే మూసేసేవాణ్ణి. మళ్ళీ జనవరిలో, బయటంతా మంచు పేరుకున్నప్పుడు, ఆ పుస్తకం తెరిస్తే..."

"మలుపురా డ్వేనూ, మలుపు! ముందు రోడ్డు చూడు" అని అరిచింది ఆర్డిస్.

డ్వేన్ మలుపు తిప్పాడు. వాక్యం అక్కడే ఆగిపోయింది. మారెన్ కిటికీలోంచి పొలాలను చూస్తూ ఉంది. అసలు విన్నదో లేదో కూడా తెలియలేదు.

వెస్టర్‌డాల్‌లో దిగాక, ఇక చెప్పక తప్పదని మారెన్ గుండె చిక్కబట్టుకుంది. ఇలాంటి మాట ముఖం చూస్తూ చెప్పాలి. నాన్న ఏమో నానమ్మ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వస్తున్నాడు. అందుకని మారెన్ వాళ్ళకు ఎదురుగా తిరిగి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

"నాన్నా, ఒక మాట చెప్పాలి" అంది.

ఇప్పుడు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మా కాలేజీల్లో చూడవచ్చినవాళ్ళను తిప్పే గైడులు జనానికి ఎదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ మాట్లాడతారు. వెస్టర్‌డాల్ గైడులైతే ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుంటారు. కాబట్టి అటుగా వెళుతున్న ఓ రైతు కుటుంబం, తండ్రీ తల్లీ కూతురూ, మారెన్‌ను చూడగానే ఆగిపోయారు.

"ఏమ్మా, కాలేజీ చూపించే అమ్మాయివి నువ్వేనా?" అని అడిగింది తల్లి.

"అంటే..." అంది మారెన్.

మా వైపు ఎవరికీ కాదనడం రాదు. అది ఎదుటివాళ్ళను చిన్నబుచ్చడం అనుకుంటాం. వడ్డించిన కూర నోట పెట్టలేకపోయినా "వేరేగా ఉందండీ" అంటాం తప్ప బాగాలేదనం. అలాంటి చోట "అంటే" అన్నామంటే అవునన్నట్టే లెక్క.

"హమ్మయ్య, దొరికింది! రండి, రండి" అని ఆవిడ దూరంగా నిలబడ్డ ఇంకో రెండు కుటుంబాలను కూడా పిలిచింది.

మారెన్ వెనక్కి నడుస్తూనే ఉంది. వాళ్ళు ముందుకు వస్తూనే ఉన్నారు. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదు. ఈ కాలేజీ గురించి ఆమెకు ఏమీ తెలియదు. అందుకని కళ్ళు సగం మూసుకుని, వారం రోజులుగా కనిపిస్తున్నదే చెప్పింది.

"పొద్దున్నే సరస్సు మీద పొగమంచు లేస్తుందండీ. బాతులు దాన్ని చీల్చుకుంటూ వస్తాయి. సాయంత్రం గంట మోగుతుంది. మోగడం ఆగాక కూడా నీళ్ళ మీద కాసేపు వినిపిస్తూనే ఉంటుంది. చదువుకోవడానికి కూర్చున్నవాళ్ళు పుస్తకం వదిలేసి అది వింటారు. ఎవరూ ఏమీ అనరు."

జనం తలలు అటూ ఇటూ తిప్పారు. ఎదురుగా ఇటుక భవనాలు, బోడి ఆపిల్ కొండ, నీళ్ళ ట్యాంకు. సరస్సు మాత్రం ఎక్కడా లేదు. అయినా అంత బాగా చెబుతున్న పిల్లను పట్టుకుని సరస్సేదమ్మా అని అడగడానికి అందరికీ మర్యాద అడ్డొచ్చింది. తమకే కనపడలేదేమోనని తలలూపారు.

వెనక డ్వేన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూతురు తన కాలేజీ గురించి చెబుతోంది!

"చూశావా అమ్మా! రక్తంలోనే ఉంది."

"నీ రక్తమే అయితే ఈపాటికి ఒక ట్రాక్టరు అంటగట్టేది" అంది ఆర్డిస్. అని ఊరుకోక, డబ్బా మూత తీసి జనంలోకి నడిచింది. "తీసుకోండి."

"అబ్బే, వద్దండీ."

"ఒక్కటి."

"మీకెందుకండీ శ్రమ."

"మిగిలితే నేను మోసుకెళ్ళాలి."

మూడోసారికి అందరూ తీసుకున్నారు. పద్ధతి అదే. "కాలేజీవాళ్ళు తినడానికి కూడా పెడుతున్నారు" అన్న మాట ఆవరణంతా పాకింది. ఇంకొన్ని కుటుంబాలు వచ్చి కలిశాయి. తన బృందం కోసం మెట్ల మీద ఎదురుచూస్తున్న అసలు గైడు కూడా వచ్చి చేరాడు. మధ్యలో అడ్డురావడం బాగుండదని, ఓ బిళ్ళ తీసుకుని శ్రద్ధగా వినడం మొదలుపెట్టాడు.

ఆ సందడికి చివరికి ప్రవేశాల అధికారిణి లిండ్‌క్విస్ట్ గారు బయటికొచ్చారు. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేస్తున్న మనిషి. మారెన్ బాతుల గురించి చెబుతుంటే ఆవిడ కూడా ఒకసారి భవనం పక్కకు తొంగిచూశారు.

డ్వేన్ సంగతి సరేసరి. మునివేళ్ళ మీద లేచి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని వెతుకుతున్నాడు.

అప్పుడు రైతు కూతురు చెయ్యెత్తింది. "అక్కా, నువ్వీ కాలేజీనే ఎందుకు ఎంచుకున్నావు?"

అందరూ మారెన్ వైపు చూశారు. మారెన్ జవాబు వెతుక్కుంటూ ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. అక్కడ కార్లు నిలిపే స్థలం పల్లంగా ఉంది. కరిగిన మంచంతా అందులో చేరి మడుగు కట్టింది. దబ్బున మోకాళ్ళ దాకా దిగబడింది.

"హమ్మయ్య, అదుగో సరస్సు!" అంది రైతు భార్య, గుండెల మీంచి బరువు దిగినట్టు.

రైతు దాన్ని పరిశీలనగా చూశాడు. "వేరేగా ఉంది" అన్నాడు.

ఆ చన్నీళ్ళకు మారెన్ కలలోంచి బయటపడింది. కళ్ళు పూర్తిగా తెరిచేసరికి అందరికంటే వెనకాల నాన్న కనిపించాడు. ఆయన ఇంకా సరస్సు కోసమే వెతుకుతున్నాడు. తను చెప్పినదంతా నమ్మి వెతుకుతున్నాడు. అది చూసి మారెన్‌కు ఏడుపొచ్చింది.

"ఇది కాదండీ. ఇక్కడ సరస్సు లేదు. గంటా లేదు. అవి లిన్‌మోర్‌లో ఉన్నాయి. నేను గైడును కాను, మీలాగే చూడ్డానికొచ్చాను. ఈ స్వెట్టరు మా నాన్నది. ఆయన ఇక్కడే చదువుకున్నారు, నేనూ ఇక్కడే చదవాలని ఆయన ఆశ. నాకేమో లిన్‌మోర్‌లో చేరాలనుంది. పొద్దుట్నుంచీ ఆ ముక్క చెప్పడానికే వెనక్కి నడుస్తున్నాను."

రైతు గొంతు సవరించుకున్నాడు. "లిన్‌మోర్‌కి ఎటు వెళ్ళాలమ్మా?"

భార్య అతని డొక్కలో పొడిచింది. అయినా ఆవిడ కూడా జవాబు కోసం చెవులు రిక్కించే ఉంది. తరవాత కుటుంబాలన్నీ వరసగా వచ్చి లిండ్‌క్విస్ట్ గారికి చెయ్యి కలిపి, ఇటుకలు బాగున్నాయని చెప్పి, ఎండ గురించి నాలుగు మాటలాడి, సెలవు తీసుకుని, మళ్ళీ నాలుగు మాటలాడి, కార్లెక్కారు. కార్లన్నీ లిన్‌మోర్ దారే పట్టాయి. లిండ్‌క్విస్ట్ గారు చివరి కారు వెళ్ళేదాకా చెయ్యి ఊపి, మారెన్ వైపు తిరిగారు.

"చాలా చక్కగా చెప్పావమ్మా. వేరేగా ఉంది."

డ్వేన్ కూతుర్ని మడుగులోంచి లాగి అరుగు మీద కూర్చోబెట్టాడు. బూట్లు విప్పి, మేజోళ్ళు పిండి, తన టోపీతో పాదాలు తుడిచాడు. ఆయనకు బాధగానే ఉంది. ఆ ఆపిల్ చెట్టు కింద కూతురు కూర్చుని చదువుకోవడం ఆయన ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న కల. పగటికలలు ఆ పిల్లకు ఎక్కడినుంచి వచ్చాయో వేరే వెతకక్కర్లేదు.

"కార్లోనే చెప్పొచ్చుగా?" అన్నాడు.

"నువ్వు తోట గురించి చెబుతున్నావు నాన్నా. ఆపబుద్ధి కాలేదు."

డ్వేన్ మేజోడు ఇంకోసారి పిండాడు. అందులో నీళ్ళేం లేవు.

"నేనూ వెతికానే, తెలుసా? నాలుగేళ్ళు ఇక్కడే ఉండి చూసుకోలేదేమో అనుకున్నాను. అంత బాగా చెప్పావు." మేజోడు అరుగు మీద ఆరేసి, "అక్కడికే వెళ్ళు. ఇంత ఇష్టం పెట్టుకుని ఇక్కడేం చదువుతావు?" అన్నాడు.

మారెన్ ఆయన భుజం మీద తల ఆన్చింది. ఆర్డిస్ ఖాళీ డబ్బా ఊపుకుంటూ వచ్చింది. "లిన్‌మోర్‌లో కూడా బిళ్ళలు పెడతారా అని అడిగిందిరా ఒకావిడ. అంటే... అన్నాను."

మరుసటి వసంతంలో డ్వేన్ తల్లిని తీసుకుని లిన్‌మోర్ వెళ్ళాడు. మారెన్ అప్పటికి అక్కడ అసలు గైడయిపోయింది. లిన్‌మోర్‌వారి నీలం స్వెట్టరు వేసుకుని, వెనక్కి నడుస్తూ, ఓ పెద్ద గుంపుకు ఆవరణ చూపిస్తోంది. సరస్సు ఆమె వీపు వెనక తళతళలాడుతోంది. బాతులు కూడా ఉన్నాయి. డ్వేన్ చప్పుడు చెయ్యకుండా గుంపు వెనక నిలబడ్డాడు. మారెన్ కళ్ళు సగం మూసుకుని ఉంది.

"కొండ మీద ఆపిల్ తోట ఉంటుందండీ. మే నెలలో చెట్టు కింద కూర్చుంటే రేకులు రాలి పుస్తకంలో పడతాయి. దులపబుద్ధి కాదు. అలాగే మూసేస్తాం. మళ్ళీ జనవరిలో, బయటంతా మంచు పేరుకున్నప్పుడు, ఆ పుస్తకం తెరిస్తే ఆ ఒక్క పేజీలో మాత్రం ఇంకా మే నెలే ఉంటుంది."

దూరపు కొండలు నునుపంటారు. మారెన్‌కు దూరపు తోటలు పూస్తున్నాయి. డ్వేన్‌కు కళ్ళు చెమర్చాయి. ఆ వాక్యాన్ని ఆయన ఎన్నడూ పూర్తిచెయ్యలేదు. ఎవరైనా విన్నారనీ అనుకోలేదు.

పక్కనున్న ఒకావిడ అటూ ఇటూ తల తిప్పి, చివరికి ఆయన వైపు వంగింది. "ఏవండీ, ఆ ఆపిల్ తోట ఎటుందండీ?" అని గుసగుసగా అడిగింది.

డ్వేన్ కళ్ళు తుడుచుకుని, వెస్టర్‌డాల్ ఉన్న దిక్కుకు చెయ్యి చూపించాడు. ఆ దిక్కున ఒక చెత్తలారీ ఆగి ఉంది.

ఆవిడ దాన్ని కాసేపు తేరిపార చూసి, "ఆఁ, కనిపించింది లెండి" అంది.