మంత్రిగారి ఫుల్ ట్యాంక్

దేశం వెనకబడటానికి కారణం దొరికిందని ఇంధన శాఖ మంత్రిగారు ప్రకటించగానే విలేకరులంతా పెన్నులు తీశారు. మంత్రిగారు ఇదివరకు కూడా ఇలాంటి కారణాలు చాలా కనిపెట్టారు గానీ, ఇంత చిన్న కారణం, ఇంత తడి కారణం దొరకడం ఇదే మొదలు.

"చుక్క!" అన్నారు మంత్రిగారు. "పెట్రోలు బంకులో మోటార్ సైకిల్ ట్యాంకు నింపేటప్పుడు కింద కారిపోయే చుక్క! మనిషికో చుక్క చొప్పున జాతి మొత్తం కారిపోతోంది. అందుకే ఈ రోజు నుంచి మిషన్ జీరో చుక్క!"

"ట్యాంకు సగమే కొట్టించుకుంటే కారదు కదండీ?" అని ఒక విలేకరి అమాయకంగా అడిగాడు.

"సగం నింపడం పిరికితనం. మా ప్రభుత్వం అంచుదాకా నింపుతుంది, చుక్క కారనివ్వదు. నేనే స్వయంగా, ప్రజలందరి ముందు, ఈ చేత్తో నింపి చూపిస్తా. నాకు కావలసిందల్లా ఒక సామాన్యుడి బండి."

సామాన్యుడి బండి కోసం పార్టీ ఆఫీసులో గాలింపు మొదలైంది. సామాన్యుల కోసం ప్రాణాలిచ్చే కార్యకర్తలు కావలసినంత మంది ఉన్నారు కానీ అందరికీ కార్లే. చివరికి ఒకే ఒక్క మోటార్ సైకిల్ దొరికింది. అది జెండాది.

పార్టీ ఊరేగింపుల్లో అందరికంటే ముందు జెండా పట్టుకు నడిచేది అతనే కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు అతని భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరేగింపులు లేని రోజుల్లో క్లినిక్కుల నుంచి రక్తం శాంపిళ్లు ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబుకు చేర్చడం అతని ఉద్యోగం. పొద్దున్నే భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఆమె పనిచేసే కళ్లద్దాల షాపు దగ్గర దింపి, అటునుంచి అటే డ్యూటీకి వెళ్లేవాడు. బండి పాతదే అయినా రోజూ తన బనియనుతో తుడిచేవాడు. తర్వాత ఆ బనియనే తొడుక్కునేవాడు.

"మంత్రిగారు మన బండి ముట్టుకోబోతున్నారే!" అన్నాడు ఆ సాయంత్రం ఇంటికొచ్చి.

"ముట్టుకుని?"

"ట్యాంకు నింపుతారు. చుక్క కారకుండా."

"అది నువ్వు రోజూ చేసేదేగా. నీ ఫొటో ఎప్పుడూ పేపర్లో వెయ్యలేదేం?"

"నేను చేస్తే పెట్రోలు కొట్టించుకోవడం. ఆయన చేస్తే పథకం. నీకు రాజకీయం తెలీదు, ఊరుకో. ఏరియా కన్వీనర్ పోస్టు నాకే ఇస్తామన్నారు."

భార్య అతని మొహంలోకి ఒకసారి పరిశీలనగా చూసింది. కళ్లద్దాల షాపులో పనిచేసే మనిషి కాబట్టి ఎవరికి దూరపు చూపు ఆనదో ఆమెకు వెంటనే తెలిసిపోతుంది.

రిహార్సల్ మంత్రిగారి బంగళా తోటలో జరిగింది. అక్కడ పంపు లేదు కాబట్టి జెండా బండిలోని పెట్రోలు ఒక డబ్బాలోకి వంపేసి, తోటమాలి వాడే నీళ్ల గొట్టానికి నాజిల్ బిగించారు. ఇంధన శాఖ కమిషనర్ ప్రొజెక్టర్ పెట్టి మరీ వివరించాడు.

"ముందు బండికి సెంటర్ స్టాండ్ వెయ్యాలి సార్. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకి ఒరుగుతుంది. లెవెల్ రాదు."

"మనం ఎటూ ఒరగం. సెంటరే," అన్నారు మంత్రిగారు.

"పార్టీ లైను కూడా అదే సార్," అన్నాడు పీఏ.

"ట్యాంకు మెడ దాకా వచ్చాక ధార సన్నం చెయ్యాలి సార్. నురుగు దిగేదాకా ఆగాలి. అప్పుడు ఇంకాస్త. మళ్లీ ఆగాలి."

"ఆగడమా? నన్ను డైనమిక్ లీడర్ అంటారయ్యా!" అని మంత్రిగారు నాజిల్ మీట పూర్తిగా నొక్కేశారు.

నీళ్లు ట్యాంకులోకి వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చాయి. మంత్రిగారి తెల్లబట్టలు తడిశాయి, పీఏ ఫోను తడిసింది, ప్రొజెక్టర్ ఒకసారి మెరిసి ఆరిపోయింది.

"ఇది స్పిల్లేజ్ కాదు సార్," అన్నాడు కమిషనర్. "ఔట్‌రీచ్. అందరికీ చేరింది."

మధ్యాహ్నమంతా ఔట్‌రీచ్ కొనసాగింది. మేడమీద నుంచి మంత్రిగారి భార్య తొంగిచూసి, "మొక్కలకి మంచిదే. రేపు కూడా రమ్మనండి," అన్నారు.

తీరా అసలు బంకులో ఏర్పాట్లు చూడటానికి వెళ్తే సెక్యూరిటీ ఆఫీసర్ అడ్డం తిరిగాడు. మంత్రిగారి దరిదాపుల్లో మండే పదార్థం ఉండటానికి వీల్లేదన్నాడు.

"పెట్రోలు బంకులోనా?" అని నోరు తెరిచాడు పీఏ.

"పెట్రోలు బంకులో అయినా సరే. రూలు రూలే."

పీఏ, కమిషనర్, సెక్యూరిటీ ఆఫీసర్ ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. అసలు రోజు కూడా నీళ్లే అని తేలింది. జెండా పీఏ దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, మళ్లీ నీళ్లా? ఇంజన్ పోతుంది సార్. తుప్పు పడుతుంది."

పీఏ అతని భుజం మీద చెయ్యేశాడు. "అయిపోయాక ఆరబెట్టి ఇస్తామయ్యా. హెయిర్ డ్రయ్యర్ శాంక్షన్ కూడా అయిపోయింది. రేపో మాపో ఏరియా కన్వీనర్‌వి కాబోతున్నావు, నీళ్లకి భయపడితే ఎలా?"

చిక్కల్లా మంత్రిగారి చెయ్యే. అది పెట్రోలునైనా నీళ్లనైనా ఒకే నిష్పక్షపాతంతో ఒలకబోస్తోంది. ఇక్కడే కమిషనర్ ప్రతిభ బయటపడింది.

"ముందురోజే నింపేసి ఉంచుదాం సార్. తమరు వచ్చి ఖాళీ గొట్టం పెట్టి తీస్తారు."

"మరి నేను నింపినట్టు ఎట్లా అవుతుంది?" మంత్రిగారికి అంతరాత్మ అడ్డొచ్చింది.

"ట్యాంకు ఫుల్లుగా ఉంటుందా సార్?"

"ఉంటుంది."

"చుక్క కారుతుందా?"

"కారదు."

"తమరు అక్కడ ఉంటారా?"

"నేను లేకుండా ఎట్లా?"

"అంతే సార్. పరిపాలన అంటే అదే."

మంత్రిగారు కమిషనర్‌ని కౌగిలించుకున్నారు. ముందురోజు సాయంత్రం జెండా చెంబుతో తన బండి ట్యాంకులో తనే నీళ్లు పోసుకున్నాడు. అంచు దగ్గరకొచ్చాక చెంబు వంచి, ఆగి, మళ్లీ వంచి, ఊపిరి బిగబట్టి పోశాడు. ఒక్క చుక్క కారలేదు. మెచ్చుకోవడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.

మర్నాడు బంకు కిటకిటలాడింది. బండి కింద తెల్ల కాగితం పరిచారు. చుక్క పడితే దేశమంతా చూడాలని మంత్రిగారి సవాలు. ఆయన చేతి తొడుగులు తొడుక్కుని, ఆపరేషన్ చేసే డాక్టరు మొహం పెట్టి, గొట్టం ట్యాంకు మెడలోకి దింపారు. వెంటనే లౌడ్‌స్పీకర్లో గటగటమని పెట్రోలు పడుతున్న చప్పుడు వినిపించింది. దాన్ని స్టూడియోలో రికార్డు చేశారు. అది చాలా సహజంగా ఉందని అందరూ అన్నారు. మంత్రిగారు గొట్టం తీసేశాక కూడా ఆ చప్పుడు కాసేపు ఆగలేదు, కానీ అప్పటికే అందరూ కాగితం వైపు చూస్తున్నారు. కాగితం పొడిగా ఉంది.

"జీరో చుక్క!" అని మంత్రిగారు చేతులెత్తారు. బ్యాండు మోగింది. ఇక జెండా బండి స్టార్ట్ చేసి జనం మధ్యలోంచి దూసుకుపోవాలి. అతను కిక్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "గమనించారా? చుక్కే కాదు, పొగ కూడా లేదు! చప్పుడు కూడా లేదు! ఇదీ పర్యావరణం!"

కార్యకర్తలు జెండాను బండిమీదే కూర్చోబెట్టి వీధి చివరిదాకా తోసుకెళ్లారు. కెమెరాలు ఆగిపోయిన చోట వాళ్లూ ఆగిపోయారు. అక్కడి నుంచి ఇంటిదాకా జెండా ఒక్కడే తోసుకున్నాడు.

నీళ్లు వంపేద్దామని మూత మీద చెయ్యి వేసేసరికి కమిషనర్ ఆఫీసు నుంచి మనిషొచ్చి దానికి లక్క సీలు వేశాడు.

"ఇందులో ఉన్నది ఇప్పుడు పెట్రోలు కాదు," అన్నాడు గంభీరంగా.

"ఆ సంగతి నాకు తెలుసండీ."

"ప్రభుత్వ విజయం. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

ప్రభుత్వ విజయానికి కాపలాగా ఒక కానిస్టేబుల్‌ని కూడా వేశారు. అతను గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, టోపీ బండి హ్యాండిల్‌కి తగిలించి కూర్చునేవాడు. "అక్కా, కాస్త టీ," అని జెండా భార్యను పిలిచేవాడు. హెయిర్ డ్రయ్యర్ వచ్చింది గానీ దాని ప్లగ్గు ఇంకో శాఖ నుంచి రావాలట.

శాంపిళ్లు ఎవరి కోసమూ ఆగవు. ల్యాబు వాళ్లు సైకిలున్న మనిషిని ఒకణ్ని చూసుకుని, "నీకు రాజకీయ భవిష్యత్తు ఉందిగా," అని జెండాను మర్యాదగానే పంపించేశారు. భార్య షాపుకు నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున వెళ్లేటప్పుడు బండి వైపు చూసేది కాదు. సాయంత్రం వచ్చాక భర్త వైపు చూసేది కాదు.

అంతలో బంకుల్లో పెట్రోలు అయిపోయింది. ఎందుకు అయిపోయిందో ఎవరూ చెప్పలేదు. ఒక్కో బంకూ తాడు కట్టేసి కూర్చుంది. వీధులనిండా జనం బళ్లు తోసుకుంటూ నడిచారు. ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్న జెండాకు, సిగ్గుపడుతూనే, కొంచెం ఊరటగా అనిపించింది.

ఆ సమయంలోనే కమిషనర్ దేశవ్యాప్తంగా తనిఖీ జరిపించాడు. ఏ బంకులో చూసినా నేలమీద ఒక్క చుక్క కూడా కనపడలేదు. మిషన్ నూటికి నూరు శాతం సక్సెస్. విజయోత్సవ సభ పెట్టారు. తొలి లబ్ధిదారుడిగా జెండాను పిలిచారు. ఏరియా కన్వీనర్ పదవి అక్కడే ఇస్తారని కబురు.

"నేనూ వస్తా," అంది భార్య. చాలా రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "పదవి ఇస్తే తీసుకో, లేకపోతే పోనీ. కానీ ఆ బండిలో ఏముందో చెప్పు. మైకులో చెప్పు. అందరూ వినేటట్టు చెప్పు."

"చెబుతాను."

"నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు."

ఆమె చివరి వరసలో కూర్చుంది. నడిచి నడిచి అరిగిన చెప్పులు కుర్చీ కిందకి లాక్కుంది. వేదిక మీద జెండా పేరు పిలిచారు, అంటే జెండా అనే పిలిచారు. "ధన్యవాదాలు అని చెప్పి దిగిపో," అని పీఏ చెవిలో ఊదాడు.

జెండా మైకు ముందు నిలబడ్డాడు. చివరి వరస వైపు చూశాడు. ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"నా బండిలో ఉన్నది పెట్రోలు కాదండీ," అన్నాడు. "నీళ్లు. అవి కూడా మంత్రిగారు పొయ్యలేదు. ముందురోజే నేనే పోశాను, చెంబుతో. ఆయన పెట్టింది ఖాళీ గొట్టం. నా బండి పోయింది, నా పని పోయింది. ఆ సీలు తీయించండి, అంతే."

కమిషనర్ తన బూట్లు చూసుకున్నాడు. కెమెరాలన్నీ మంత్రిగారి మొహం మీదికి తిరిగాయి. ఇన్నేళ్లలో మొదటిసారి జెండాకు తన వీపు నిటారుగా ఉన్నట్టనిపించింది.

మంత్రిగారు నిదానంగా లేచారు. నిదానంగా నడిచొచ్చారు. జెండా భుజం చుట్టూ చెయ్యివేసి మైకు తన వైపు తిప్పుకున్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"విన్నారా?" అన్నారు. "నీళ్లట! పెట్రోలు అక్కర్లేకుండా, మంత్రి చెయ్యి తడవకుండా, ఒక సామాన్యుడు చెంబుతో, చుక్క కారకుండా, అంచుదాకా నింపాడట! ప్రపంచంలో ఏ ప్రభుత్వం తన ప్రజల్ని ఇంత దూరం తీసుకొచ్చిందో చెప్పండి!"

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కవాడు అందుకున్నాడు. హాలంతా లేచి నిలబడింది. ఆ హోరులో చివరి వరసలోని భార్య జెండాకు కనపడలేదు. ఆమె కూడా లేచిందో, కూర్చునే ఉందో, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయిందో చూద్దామని మునివేళ్ల మీద లేచాడు.

అప్పటికే అతని చేతులు కూడా చప్పట్లు కొడుతున్నాయి.