ఎలాస్టిన్‌కు షోకాజ్ నోటీసు

"వచ్చే ఉగాదిలోగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడూళ్లలో ముడత అనేది కంటికి కనిపించకూడదు! ఇది నా కోరిక కాదు, ప్రభుత్వ ఉత్తర్వు!"

మదనపల్లె సభలో మంత్రి చెంగల్రాయుడుగారు ఇలా గర్జించగానే చప్పట్లు మిన్నంటాయి. అందరికన్నా గట్టిగా కొట్టినవి ముడతలు పడ్డ చేతులే. వెనక వరుసలో హిదాయతుల్లా ఒక్కడే చెమటలు తుడుచుకున్నాడు. ఈ మహా పథకానికి మూలపురుషుడు అతనే మరి.

హిదాయతుల్లా కుప్పంలో హెల్త్ ఎడ్యుకేటర్. భార్య గుల్జార్ బీ పుంగనూరు ఉర్దూ బళ్లో టీచరు. ఆరేళ్లుగా వాళ్ల కాపురం బస్సులోనే సాగుతోంది. ఇన్నాళ్లకు పుంగనూరు హెల్త్ ఎడ్యుకేటర్ రిటైరై కుర్చీ ఖాళీ అయింది. సభకు ముందురోజు బదిలీ అర్జీ పట్టుకుని హిదాయతుల్లా మంత్రిగారు దిగిన గెస్ట్‌హౌస్‌కు పరుగెత్తాడు. ఆ సమయానికి మంత్రిగారు అద్దంలో ఆత్మపరిశీలన చేసుకుంటున్నారు.

"ఏమప్పా, ఆరోగ్యం సదివినోడివి గదా. పోయిన ఎలక్షన్లో బిగువుగా ఉండిన బుగ్గ, ఇప్పుడు యాల ఇట్ల జారిపోతాండాది?"

"ఎలాస్టిన్ సార్. చర్మంలో కణాల బయట ఉండే ప్రొటీన్. లాగితే సాగుతాది, వదిలితే మల్లా మొదుటి సోటికే వచ్చేస్తాది."

"మా పార్టీలో సానామంది అట్లాంటోల్లేలే" అని మంత్రిగారు మెచ్చుకున్నారు. "మరి నా బుగ్గ మొదుటి సోటికి రాలేదే?"

"దాన్ని తయారు చేయించేది ఒక జీన్ సార్."

"గుర్రానికేసే జీనా?"

"కాద్సార్, కణంలో ఉండే జన్యువు. చిన్నప్పుడు బాగా పనిచేస్తాది. పెద్దయినాక దాదాపు పని మానేస్తాది."

మంత్రిగారి ముఖం జేవురించింది. "పని మానేసిందా? ఎవుర్నడిగి? లీవు లెటరిచ్చిందా?"

"లేద్సార్."

"ఎన్నేండ్లుగా?"

"తమరికైతే... నలబై ఏండ్లుగా."

"నలబై ఏండ్లుగా డ్యూటీ చేయకుండా నా వొంట్లోనే కూసోని నా అన్నమే తింటాండాదా!"

పక్కనే ఉన్న పీఏ దేవరాజులు నోటుబుక్కు తెరిచాడు. "అనాథరైజ్డ్ ఆబ్సెన్స్ సార్. కేసు గట్టిగా నిలబడతాది."

"ఇది అపోజిషనోల్ల వొంట్లో కూడా ఉండాదా?"

"అందరి వొంట్లోనూ ఉంటాది సార్."

"నా సిఫార్సు లేకుండా వాల్లకెవురిచ్చినారప్పా?"

జన్యువు గవర్నమెంటు ఉద్యోగి కాదు సార్ అనే మాట హిదాయతుల్లా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతని అర్జీ మంత్రిగారి మోచేతి కింద ఉంది. మోచెయ్యి కదిలితే అర్జీ నలుగుతుంది, నిజం కదిలితే అర్జీ చిరుగుతుంది. మాట మింగి, "న్యాయమైన ప్రశ్న సార్" అన్నాడు.

"పథకం గెలిపించు. పుంగనూరు కుర్చీ నీదే" అన్నారు మంత్రిగారు.

సభ అయ్యాక మొదట విచారణ. పుంగనూరు చుట్టుపక్కల సిబ్బంది ఇంటింటికీ వెళ్లి జనం బుగ్గలు గిల్లి, చర్మం ఎన్ని సెకన్లలో వెనక్కి వెళుతుందో గడియారం చూసి రాసుకున్నారు. పెద్దపంజాణిలో రెడ్డెమ్మ అనే అవ్వ, గిల్లిన ఆఫీసరు బుగ్గను తిరిగి గిల్లి వదల్లేదు. "నాది సూస్తివి గదా, నీది ఎంతసేపటికి పోతాదో నేనూ సూడొద్దా నాయనా?" అంది. 'ప్రజల నుంచి చురుకైన భాగస్వామ్యం' అని ఆఫీసరు రిపోర్టు రాశాడు. విచారణలో తేలింది ఒకటే: జీన్ ఇంట్లో ఉంది, డ్యూటీలో లేదు.

ఇక షోకాజ్ నోటీసు. అక్కడే దేవరాజులుకు సాంకేతిక సమస్య వచ్చింది.

"నోటీసు ఎవురి చేతికియ్యాల సార్? దానికి చెయ్యి లేదే."

"రూలేం చెప్తాది?"

"తీసుకోకపోతే నివాసం తలుపుకు అంటించమంటాది సార్." అంటూ దేవరాజులు ఆ నివాసం వైపు భయభక్తులతో చూశాడు. నివాసం మంత్రిగారి బుగ్గ.

కుప్పంలో బ్రహ్మాండమైన వేదిక కట్టారు. మైదాపిండి జిగురు బకెట్టుతో వచ్చింది. వేలాది ప్రజల సమక్షంలో మంత్రిగారి కుడి బుగ్గకు ఒరిజినల్, ఎడమ బుగ్గకు డూప్లికేటు, నుదుటికి ఆఫీసు కాపీ అంటించారు. మిట్టమధ్యాహ్నపు ఎండ. పావుగంటలో జిగురెండి కాగితాలు ముఖాన్ని చెవులదాకా లాగేశాయి.

"ముడతల్లేవు! సూడండప్పా, ఒక్క ముడత లేదు!" అని జనం ఈలలేశారు.

నోరు పెగలక మంత్రిగారు ఉపన్యాసం ఇవ్వలేదు. దానికి జనం మరో విడత ఈలలేశారు. మంత్రిగారు కాగితం మీద 'నీ పని అయిపోయినట్టే' అని రాసి హిదాయతుల్లాకు అందించారు. అతను దాన్ని జేబులో భద్రంగా పెట్టుకుని ఆ సాయంత్రమే గుల్జార్ బీకి చూపించాడు.

"క్యా జీ, ఇది మంచి మాటా, చెడ్డ మాటా?" అందామె.

"మంత్రిగారి చేతిరాత! మంచిదే."

గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్లతో నోటీసులు ఊడదీశారు. ముడతలు తిరిగొచ్చాయి. సగం మీసం మాత్రం ఒరిజినల్‌తోపాటు వెళ్లిపోయింది. నోటీసు ముట్టినట్టు రుజువుగా దేవరాజులు దాన్ని ఫైల్లో పెట్టాడు.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. హిదాయతుల్లా కవరు చించి నిలబడే చదివాడు.

'గడువులోగా జవాబివ్వనందున ఎలాస్టిన్ జీన్‌ను శిక్షగా, పుంగనూరులో ఖాళీగా ఉన్న హెల్త్ ఎడ్యుకేటర్ స్థానానికి బదిలీ చేయడమైనది. సదరు జీన్ బాధ్యతలను శ్రీ హిదాయతుల్లా కుప్పంలోనే ఉండి అదనంగా నిర్వహించవలెను.'

అతను మొదటి బస్సెక్కి పుంగనూరు ఆఫీసులో దిగాడు. గుమ్మం దగ్గర అటెండరు కదిరప్ప బీడీ ఆర్పి లేచాడు.

"కదిరప్పా, ఆ కుర్చీలో ఎవురన్నా చేరినారా?"

"చేరినాడు సార్. సోమారం పొద్దున్నే జాయినింగ్ రిపోర్టు వచ్చేసింది."

"నువ్వు మనిషిని సూసినావా?"

"సంతకం సూసినా సార్."

"ఇప్పుడు యాడుండాడు?"

"క్యాంపు పోయినాడు." కదిరప్ప ఖాళీ కుర్చీని తుండుగుడ్డతో ఒకసారి గౌరవంగా దులిపాడు. "బంగారట్లా మనిషి సార్. ఆఫీసుకు రాడు, ఎవుర్నీ ఏమీ అనడు. అచ్చం ముందుండిన సార్ మాదిరే."