అమ్ముడుపోయిన చీకటి

మానవజాతి పొగ తగ్గించుకోవడానికి ఇంతవరకూ కనిపెట్టిన ఉపాయాలన్నిటిలోకీ గొప్పది, చవకైనది, గాలిమరలూ గీలిమరలూ అక్కర్లేనిది ఒక్కటే: కరెంటు ఇవ్వకపోవడం. ఆ ఘనత చమురు నగరం బసరాకే దక్కాలి. బసరా ఏళ్ల తరబడి ఈ పని చేస్తూనే ఉంది, కానీ చేస్తున్నది లోకసేవ అని దానికే తెలియదు. జనం కోత అనుకుని తిట్టుకున్నారు. అజ్ఞానం.

ఆ అజ్ఞానాన్ని పోగొట్టింది కొత్తగా పుట్టిన చీకటి పరిరక్షణ సంస్థ. దాని లెక్క ఎవరికైనా అర్థమవుతుంది. కరెంటు పోయినంతసేపూ ఎక్కడో పవర్ స్టేషన్‌లో ఒక బాయిలర్ మండదు. మండనిది పొగ కక్కదు. కక్కని పొగ అంటే దేశం ఆదా చేసిన పొగ. ఆదా చేసింది అమ్ముకోవచ్చు. ఆకాశం నిండా పొగ కక్కుకుంటూ తిరిగే ఒక విదేశీ విమానాల కంపెనీ ముందుకొచ్చి, బసరా ఉత్తరపు శివారు చీకటిని గుత్తగా కొనేసుకుంది, వేసవి చీకటితో సహా. (వేసవి చీకటి మేలురకం. అందులో చెమట కలిసి ఉంటుంది.) కంపెనీ పాపం కడుక్కుంది, సంస్థ డబ్బు పుచ్చుకుంది, శివారు జనం చీకటి ఇచ్చారు. ముగ్గురికీ న్యాయం జరిగింది.

శివారును ఆనుకుని చమురు బావుల దగ్గర వృథా గ్యాసు రాత్రింబవళ్లు మండుతూ ఉంటుంది. దాన్ని షోలా అంటారు. ఆ పొగ మాత్రం ఏ లెక్కలోకీ రాదు. కాగితాల మీద షోలా తాత్కాలికం. (ఛాసిబ్‌కి మీసం మొలవకముందు మొదలైన తాత్కాలికం. ఇప్పుడు ఆ మీసం తెల్లబడింది.)

ఈ ఛాసిబ్ ఆ షోలా కింద కాపలాదారుగా ఉద్యోగం చేసి, ఊపిరితిత్తులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. ఏదైనా సాయం చెయ్యండయ్యా అని అడిగితే, ఆ పేరుగల కాపలాదారు మా దగ్గర ఎప్పుడూ లేడన్నారు చమురువాళ్లు. రోజుకూలీవాడు పుస్తకంలో ఉండడు. పుస్తకంలో లేనివాడికి ఊపిరితిత్తులుండవు, కాబట్టి అవి పాడయ్యే ప్రశ్నే లేదు. డాక్టరు ఇంత చదువుకోలేదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకు పట్టే మిషన్ రాసిచ్చి, ఇది ఆగకూడదమ్మా, ఆగితే మనిషి ఆగిపోతాడు అని ఛాసిబ్ భార్యకు చెప్పాడు.

ఆమె పేరు తిస్వాహిన్. వీధిలో ఎవరూ అలా పిలవరు. పిల్లలు లేని ఆడదాన్ని ఇక్కడ ఉత్తినే వదిలేయరు, ఉమ్ గాయిబ్ అంటారు, ఇంకా రాని బిడ్డకు తల్లి అని. రాని బిడ్డతో ఆమె ఎప్పుడో సర్దుకుపోయింది. రాని కరెంటుతోనే చావొచ్చింది. సర్కారు కరెంటు పేరు వతనియా, అంటే జాతీయం. "జాతీయం వచ్చిందోయ్!" అని వీధిలో కేక లేస్తుంది. కేక చివరి ఇంటిదాకా పాకేలోపు జాతీయం వెళ్లిపోతుంది. అది వెళ్లాక వీధికంతా దిక్కు ఖుదైర్ డీజిల్ జనరేటర్. అది సరిగ్గా ఉమ్ గాయిబ్ కిటికీ కింద కూర్చుని నల్లగా దగ్గుతుంది. ఆ కరెంటుతో మిషన్ నడిపితే, లోపల మిషన్ ఇచ్చిన గాలిని బయట జనరేటర్ లాగేసుకున్నట్టుండేది ఛాసిబ్‌కి.

అందుకని ఆమె తమ్ముడి కాళ్లావేళ్లా పడి మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకుంది. మిషన్ నడిచింది. ఆమె కిటికీ మూసేసింది. ఛాసిబ్ మొదటిసారిగా ఒక వాక్యం మొదలుపెట్టి చివరిదాకా చెప్పగలిగాడు. (ఆ వాక్యం చాయ్‌లో చక్కెర తక్కువైందని.)

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ వీధిలో చాలా మేడల మీద, పావురాల గూళ్ల వెనక, పలకలున్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఉమ్ గాయిబ్ మాత్రం పెద్దరోడ్డు మీద బోర్డు చూసింది: "స్వచ్ఛ విద్యుత్తు వాడే పౌరులారా, నమోదు చేసుకోండి, దేశానికి గర్వకారణం కండి." ఆమె వెళ్లి నమోదు చేసుకుంది. వీధి వీధంతా నోరు నొక్కుకుంది.

"సర్కారుకి నువ్వే వెళ్లి చెప్పావా? నీ నోటితో నువ్వే?" అన్నాడు ఖుదైర్, జనరేటర్‌కి నూనె పోస్తూ. "ఉమ్ గాయిబ్, నీకు పిల్లల్లేకపోవడమే మంచిదైంది. ఉంటే వాళ్లని కూడా వెళ్లి అప్పజెప్పేదానివి."

"నోరు ముయ్యరా పొగగొట్టం," అంది ఆమె. "దొంగతనం చేశానా, దాక్కోడానికి?"

గర్వకారణమైన పౌరురాలి ఇంటికి తొందరలోనే సంస్థ పరీక్షకుడు ఉస్తాద్ మీథాఖ్ వచ్చాడు. సూటు, టై, చంకలో ఫైలు, నుదుటి మీద చెమట. చాయ్ ఇస్తే తాగాడు. రెండోది ఇస్తే అదీ తాగాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, పెద్దావిడను పిలిచే మర్యాదతో పిలిచాడు.

"హజ్జియా, ఈ ఇంట్లో వెలుతురు ఉన్నట్టు సమాచారం."

"ఎవడిచ్చాడు నాయనా ఆ సమాచారం?"

"మీరే. దరఖాస్తు మీదేగా."

"అవును, ఉంది. సూర్యుడిది."

"అక్కడే వచ్చింది చిక్కు. ఈ వీధి చీకటి అమ్ముడుపోయింది. కోత వేళల్లో ఇక్కడ చీకటి ఉంటుందని కొన్నవాళ్లకి మాట ఇచ్చాం. మీరు వాళ్ల చీకట్లో లైటు వేస్తున్నారు. మర్యాదగా చెబుతున్నా, దీన్ని దుర్వినియోగం అంటారు."

"నాది పొగ రాని కరెంటయ్యా! పొగ తగ్గించడమేగా మీ పని?"

"పొగ తగ్గించడం వేరు హజ్జియా, తగ్గించినట్టు లెక్క చూపించడం వేరు. రెండోది మా శాఖ. కోత వేళ రిజిస్టర్లో ఏ ఇంట్లో కరెంటు కనబడితే, అక్కడ ఆదా అయిన చీకటి రద్దవుతుంది. మీదొక్కటే కనబడుతోంది."

"మరి ఆ ఖుదైర్? చూడు, గోడ ఎలా నల్లబడిందో చూడు. వాడు కక్కేది పొగ కాదా?"

మీథాఖ్ కిటికీ తెరిచి జనరేటర్ వైపు చూశాడు. దగ్గు వచ్చింది. కిటికీ మూసి రిజిస్టర్ చూశాడు.

"ఇందులో జనరేటర్ లేదే," అన్నాడు, మనస్ఫూర్తిగా. "రిజిస్టర్లో లేనిది పొగ వదలదు. నా మాట విని పలకలు పక్కన పెట్టి, ఖుదైర్ దగ్గర తీగ తీసుకోండి. మీకూ కరెంటు ఉంటుంది, దేశానికీ పొగ తగ్గుతుంది."

మంచం మీద ముక్కుకు గొట్టంతో పడుకున్న ఛాసిబ్ వేలెత్తాడు. "ఉస్తాద్, నేను చమురువాళ్ల పుస్తకంలో లేను. అంటే నేను కూడా పొగ వదలనట్టేనా?"

మీథాఖ్ ఆలోచించాడు. "సూత్రం ప్రకారం, అంతే హజ్జీ."

"విన్నావా తిస్వాహిన్? ఊపిరి తియ్యడానికి నాకు పర్మిషన్ అక్కర్లేదట. మిషనుకే కావాలి."

 మీథాఖ్‌తో వచ్చిన మనిషి మేడెక్కి పలకల తీగలకు ఎర్ర లక్క సీలు వేసి దిగాడు. ఖుదైర్ ఒక తీగ తెచ్చి కిటికీలోంచి అందించాడు. మిషన్ మళ్లీ నడిచింది. ఆ పూట నుంచి ఛాసిబ్ వాక్యాలు సగంలోనే ఆగిపోసాగాయి.

ఉమ్ గాయిబ్ ఒళ్లంతా కప్పే నల్ల అబాయా సర్దుకుని సంస్థ కార్యాలయానికి వెళ్లింది. చీకటిని కాపాడే కార్యాలయంలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఏసీలు ఎంత చల్లగా ఉన్నాయంటే ఆగస్టు నెలలో గుమాస్తాలు కోట్లు తొడుక్కున్నారు. (కార్యాలయం జనరేటర్ కూడా రిజిస్టర్లో లేదు. ఉంటే అదీ పొగ వదిలేదే.) మినహాయింపు కావాలంటే ఫోన్లో యాప్ ద్వారా అడగాలన్నారు. యాప్ కోత వేళల్లో తెరుచుకోదు, చీకటికి భంగం. కోత లేని వేళల్లో మినహాయింపు అక్కర్లేదు కాబట్టి అప్పుడూ తెరుచుకోదు.

ఆమె నేలమీద కూర్చుంది. "నా మొగుడు చస్తాడు," అంది, గట్టిగా కాదు. "మీరెవరైనా వచ్చి అతని ముక్కులో గాలి ఊదుతారా? ఊదేవాడుంటే చెయ్యెత్తండి, లేచి ఇంటికెళ్తాను." కోట్లలో ఒక్క చెయ్యీ లేవలేదు. ఆమె లేవలేదు. సందర్శకులు ఆమెను దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. చివరికి లోపలినుంచి ప్రధాన చీకటి సంరక్షకుడు, డాక్టర్ అబ్దుల్ ముహ్సిన్, స్వయంగా వచ్చాడు.

"తల్లీ, చీకటి నాదైతే ఇప్పుడే నీకిచ్చేసేవాణ్ణి," అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని. "కొన్నవాళ్లది. వాళ్ల ప్రతినిధి ఈ వారమే సరుకు చూసుకోవడానికి వస్తున్నాడు. అతను తృప్తిపడి ఒక సంతకం పెడితే నీ సీలు విప్పుతాం. నీ వీధికే తీసుకొస్తాం, సరేనా?"

"సంతకం పెట్టినాకే వాణ్ణి వీధిలోంచి కదలనిస్తాను," అంది ఆమె.

చెప్పినట్టే పొద్దుగుంకిన చాలాసేపటికి విదేశీ ప్రతినిధి వచ్చాడు, మెడలో కెమెరా, మర్యాదస్తుడు. మీథాఖ్ ఆయన మాటలు వీధి భాషలోకి మార్చి చెబుతున్నాడు. వతనియాను సకాలంలో తీసేశారు. (సకాలంలో జరిగిన ఒకే పని.) ఆయన గౌరవార్థం ఖుదైర్ జనరేటర్ కూడా ఆపించారు. లోపల మిషన్ ఆగింది, ఉమ్ గాయిబ్ అడ్డంపడింది. "కాసేపే హజ్జియా, కాసేపే," అన్నాడు మీథాఖ్.

ప్రతినిధి వీధి మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. పక్కింటి పావురాల రంగులు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. షోలా మంటకు ఆకాశం సగం నారింజరంగులో భగభగలాడుతోంది.

"చీకటి ఎక్కడ?" అన్నాడు.

మీథాఖ్ చమురువాళ్లకి ఫోన్ చేశాడు. షోలాను కాస్త తగ్గించమని బతిమాలాడు. అవతలివాడి మాట వీధంతా వినిపించింది: "ఉస్తాద్, శాశ్వతమైనదానికి స్విచ్ పెడతారు. తాత్కాలికానికి ఎవరైనా పెడతారా?"

 చీకటి లేకపోతే బేరం పోతుంది, బేరం పోతే ఉద్యోగం పోతుంది. మీథాఖ్ కళ్లు ఉమ్ గాయిబ్ ఇంటి మీద పడ్డాయి. క్షణంలో కిటికీలకు దుప్పట్లు కట్టించాడు, తలుపు సందులో గుడ్డలు కుక్కించాడు, ప్రతినిధిని లోపలికి తీసుకెళ్లాడు. అక్కడుంది సరుకు. నల్లగా, వేడిగా, కల్తీ లేకుండా.

"అద్భుతం," అన్నాడు ప్రతినిధి. మా ప్రయాణికులకి ఇచ్చే కార్డు మీద ఈ ఫోటో వేస్తాం, మీ ప్రయాణపు పొగను ఈ కుటుంబం మీకోసం ఆదా చేసింది అని రాస్తాం అన్నాడు. ఒక్క ఇబ్బంది, ఇంత చీకట్లో ఫోటో రాదు. అందుకని మీథాఖ్ దుప్పటి మూల కొంచెం ఎత్తి పట్టుకుని, షోలా వెలుతురు ఛాసిబ్ ముఖం మీద పడేలా చూశాడు. చీకటి చక్కగా కనబడింది.

"ముందు సంతకం," అంది ఉమ్ గాయిబ్.

"ముందు ఫోటో," అన్నాడు మీథాఖ్. "ఆయన పద్ధతి అది. తొందరగా కానిద్దాం హజ్జియా, మీకే మంచిది."

ఆమె మంచం అంచున కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది. అతని ముక్కుకు ఉన్న గొట్టంలో గాలి లేదు. ఛాతీ పైకీ కిందకీ కొట్టుకుంటోంది, లోపల ఏదో రంపం ఆడుతున్న చప్పుడు.

"తీయనీ తిస్వాహిన్," అన్నాడు అతను. "నా ఫోటో... విమానం ఎక్కుతుందట. నేనైతే..."

దగ్గు వచ్చింది. ప్రతినిధి కెమెరా దించాడు. ఏదో అన్నాడు. మీథాఖ్ దాన్ని ఎంతో మర్యాదగా, ఉన్నదున్నట్టు మార్చి చెప్పాడు:

"హజ్జీ, మీరు దగ్గితే చీకటి కదులుతోందట. కాసేపు ఊపిరి తియ్యకుండా ఉండగలరా?"

ఛాసిబ్ భార్య వైపు చూశాడు. ఆమె ప్రతినిధి జేబులోని పెన్ను వైపు చూస్తోంది. అతను ఊపిరి బిగబట్టాడు. దేశం రాబోయే తరాలకు వాగ్దానం చేసిన సున్నా పొగను ఆ గది అప్పటికప్పుడే సాధించింది.