టెంటు బండిలో మొగుడు

శుక్రవారం పొద్దున్న ఎల్డన్ బ్రాటన్ వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నానికల్లా టెంటు బండి కప్పు లేపాలి, సాయంత్రానికి చిరుగులు కుట్టాలి, శనివారం భార్య మార్లిస్‌తో సరస్సు ఒడ్డుకు బయల్దేరాలి. కారు వెనక తగిలించుకునే ఆ బండి పెట్టెలా ముడుచుకుని ఉంటుంది. పిడి తిప్పితే కప్పు పైకి వచ్చి, గుడ్డ గోడల గది అవుతుంది. అవ్వాలి మరి. ముప్పై ఏళ్ళు ఎవరి కొట్టంలోనో ఎలుకలకు వసతి ఇచ్చిన బండి అది.

"రేపటికి అది నిలబడలేదనుకో, పాత ఇనుముకిచ్చేసి మా అక్కావాళ్ళింటికి పోదాం," అని చెప్పి, మార్లిస్ తను పనిచేసే పళ్ళ డాక్టరు ఆఫీసుకు వెళ్ళిపోయింది. వదినగారి కంటే మినసోటా దోమలే నయమని ఎల్డన్ గట్టి నమ్మకం.

పిడి నాలుగు చుట్లు తిరిగేసరికి లోపలి ఇనుప తాడు పుటుక్కున తెగింది. కప్పును భుజంతో ఎత్తి, మంచు తీసే పార, రెండు చీపురుకర్రలు మూడు మూలల్లో ఊతం పెట్టాడు. నాలుగో మూలకు ఏదైనా కొనడమంటే అతనికి ప్రాణం మీదికి వస్తుంది. పడకగది అల్మరాలో బట్టలు తగిలించే గొట్టం గుర్తొచ్చింది. చొక్కాలు, ప్యాంట్లు వేలాడుతుండగానే దాన్ని భుజానికెత్తుకుని, కొలత చూద్దామని పరుపునూ ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు.

ఎదురింటి లవాన్ మొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"ఇంతదాకా వచ్చిందా ఎల్డన్?" అంది మెల్లగా.

"నేనూ అనుకోలేదు. పైకి బానే కనపడుద్ది. లోపల చూస్తే అంతా కుళ్ళే."

"అలా అనకు. ఎంతైనా ఇన్నేళ్ళు..."

"వయసైపోయింది దానికి. చెయ్యేస్తే చాలు, కీచుమంటది. అయినా వదలను. కాస్త రంగు కొడితే ఇంకో పదేళ్ళు లాగొచ్చు."

లవాన్ నీళ్ళ పైపు అక్కడే పడేసి ఫోను అందుకుంది.

పదకొండింటికల్లా చర్చి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, గొడ్డుమాంసం మీద ఆలూ ముక్కలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ పళ్ళేలు మూడు ఇచ్చి, అతని చెయ్యి నొక్కి వెళ్ళారు. బండి బాగుచేస్తుంటే ఊళ్ళో ఇంత ఆదరణ ఉంటుందని ఎల్డన్‌కు ఇన్నాళ్ళూ తెలియదు.

అదే సమయానికి పళ్ళ డాక్టరు ఆఫీసులో, నోట్లో దూది కుక్కుకున్న ఒకావిడ మార్లిస్‌ను పట్టుకుని, "కట్టుకున్నవాణ్ణి వాకిట్లోకి గెంటడానికి నీకు మనసెలా వచ్చింది?" అని అడిగింది. దూది వల్ల మార్లిస్ రెండుసార్లు చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఆమె కారు బర్రున వచ్చి ఆగింది. తిన్నగా టెంటు బండిలోకి దూరింది.

"నిన్ను ఇంట్లోంచి గెంటేశారట."

"ఎవరు?"

"నేనే."

ఎల్డన్ పక్కనే పెట్టుకున్న హాట్‌డిష్ పళ్ళేల వైపు చూశాడు. "గెంటేస్తే ఇంత తిండి వస్తుందని ముందే తెలిస్తే నేనే అడుగుదును కదా."

మార్లిస్‌కు నవ్వొచ్చేదే. కానీ అప్పుడే మూలనున్న తన అల్మరా గొట్టం కంటబడింది. "నా బట్టలన్నీ ఈ బండిలో పడేసి దీన్ని ఇక్కడ పెట్టావా?" అని పట్టుకుని లాగింది. కప్పు ఒక్కసారిగా కిందికి వచ్చింది. ఇద్దరూ పరుపు మీద బోర్లాపడ్డారు. తలుపు బిగుసుకుపోయింది.

సరిగ్గా ఆ సమయానికి, సంసారం చక్కదిద్దుదామని పాస్టరు హాల్వర్సన్ వచ్చాడు. లోపలినుంచి మాటలు వినిపించాయి.

"మెల్లగా. నా మోకాలు."

"నువ్వు కదలకుంటే గదా."

"ఇంకొంచెం ఎత్తు. అబ్బా, నా వల్ల కాదు ఎల్డన్."

"ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం."

బండి కిర్రుమంటూ ఊగింది. పాస్టరు చెవుల దాకా ఎర్రబడ్డాడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి, "రాజీ కుదిరింది, ఆ బండిలోనే," అని చెప్పి, వాకిట్లో గుమిగూడిన వాళ్ళందర్నీ ఇళ్ళకు పంపించేశాడు. లోపలివాళ్ళు "ఎవరన్నా ఉన్నారా" అని అరిచేసరికి వీధి ఖాళీ.

రెండు గంటలు ఆ చీకట్లో హాట్‌డిష్ చేత్తో తింటూ, వదినగారి గురించి ఎల్డన్ ఎన్నేళ్ళుగానో దాచుకున్నదంతా చెప్పాడు. మార్లిస్ అందులో సగం ఒప్పుకుంది. మిగతా సగానికి తనే ఇంకొన్ని కలిపింది. చివరికి జేబుకత్తితో గుడ్డగోడ కోసి, చొక్కాల మధ్యనుంచి పాక్కుంటూ బయటపడ్డారు.

"అక్కకు రావట్లేదని ఫోన్ చేస్తా," అంది మార్లిస్, జుట్టులోంచి ఆలూ ముక్క తీసుకుంటూ. "నువ్వు ఇంకో తాడు కొను. కొత్తది."

మరుసటి వారం ఆ ఊళ్ళో ఇంకో నాలుగు పాత టెంటు బండ్లు అమ్ముడుపోయాయి.