ఇది బండ, ఈత కొట్టరాదు

ఒక పెద్ద అడవిలో (అది ఎంత పెద్దదో ఎవరూ కొలవలేదు కాబట్టే దాన్ని పెద్దదనేవారు) ఒక సింహం రాజ్యం చేస్తుండేది. దానికి ఒకనాడు ఉన్నట్టుండి కొలతల పిచ్చి పట్టింది.

"మనుషులు ఆకాశంలో ఏదో వేలాడదీశారట. అక్కణ్ణుంచి చూస్తే పెరట్లో ఆరేసిన వడియాలు కూడా లెక్కపెట్టొచ్చట. మనకేం తక్కువ?" అంది సభలో.

"తక్కువేం లేదు ప్రభూ, మనకి గద్ద ఉంది," అంది గుంటనక్క.

ఈ నక్క పక్క కొండల నుంచి కొత్తగా దిగింది. ఏ చెట్టు ఎక్కడుందో దానికి తెలియదు, ఏ కాలిబాట ఎటు పోతుందో తెలియదు. అందుకని సింహం దాన్నే సర్వే అధికారిగా వేసింది. గద్దకి ‘ఉపగ్రహం’ అని బిరుదిచ్చింది. ఆ రోజు నుంచి గద్ద ఎలుకల్ని తన్నుకుపోవడం మానలేదు గానీ, ఆ పనిని సమాచార సేకరణ అనడం మొదలుపెట్టింది.

నక్క టేకాకులు కుట్టించి పెద్ద పటం పరిచింది. దాని మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీసి గళ్ళు చేసింది.

"ఇవి అక్షాంశాలు. ఇవి రేఖాంశాలు."

ఎలుగుబంటి మెడ సాచి చూసింది. దాని ఇల్లు, వాకిలి, ధ్యాస, అన్నీ తేనెపట్టులే.

"అంశాలంటే వాటాలేగా! నా వాటా ఏ గడిలో ఉందయ్యా?"

"అందరి వాటా రాజుగారిదే," అంది నక్క. "ఇక వినండి. ఆకుపచ్చంటే చెట్లు. నీలమంటే నీళ్ళు. తెలుపంటే బండ. గద్ద పై నుంచి రంగు చెప్తుంది, నేను కింద రాసుకుంటాను. కాలికి మట్టి అంటకుండా పనైపోతుంది."

అది రోహిణీ కార్తె. రోళ్ళు పగిలే ఎండ. గద్ద సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎగిరింది. నలభై ఏడో గడిలో లోతైన మడుగు ఉంది. అడవిలో సగం ప్రాణులు తాగేది ఆ నీళ్ళే. నడినెత్తి మీది సూర్యుడు ఆ నీళ్ళలో తళుక్కుమనేసరికి గద్ద కళ్ళు జిగేల్‌మన్నాయి.

"నలభై ఏడు తెల్లగా ఉంది!" అని పై నుంచి అరిచింది.

నక్క ‘బండ’ అని రాసుకుంది.

అదే సమయంలో పైకొమ్మ మీద ఒక పికిలిపిట్ట కూర్చుని ఉంది. పొద్దున్నుంచి కడుపారా నేరేడుపళ్ళు తిన్నది. అది తన పని తాను చేసుకుని ఎగిరిపోయింది. ఆ పని వచ్చి కింద పరిచిన పటంలో పన్నెండో గడి మీద పడింది. నక్క కునుకు తీసి లేచేసరికి అక్కడ చక్కటి నీలం మరక ఆరిపోయి ఉంది. నీలమంటే నీళ్ళే కదా. సింహం ముచ్చటపడి దానికి ‘రాజసరోవరం’ అని పేరు పెట్టింది.

మర్నాడు దండోరా వేశారు. ఇకపై అందరూ పన్నెండో గడిలోనే నీళ్ళు తాగాలి.

పన్నెండో గడి అంటే కంకర గుట్ట. ఆ ఎండలో జంతువులన్నీ పడుతూ లేస్తూ ఎక్కాయి. రాళ్ళు వాసన చూసి, నాలుకలు వేలాడేసుకుని దిగాయి. ఒక ముసలి దుప్పి దిగే దారిలోనే కూలబడింది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. నక్క మాత్రం నీడలో కూర్చుని పటానికి అంచులు కుట్టించుకుంటోంది.

ఎలుగు ఆయాసపడుతూ వచ్చింది. "నీళ్ళేవయ్యా అక్కడ?"

"పటం నిన్నటిది. నీ కళ్ళు ఎప్పటివి?" అని అడిగింది నక్క.

ఎలుగు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

పాత మడుగు నలభై ఏడులో ఉందని ఇంతమంది అంటున్నారు, సంగతేమిటా అని నక్క ఒంటరిగా చూడబోయింది. మడుగు నిండా చేపలు! గట్టు నిండా పీతలు! దానికి నోరూరింది. తప్పు దిద్దితే అందరికీ నీళ్ళు. దిద్దకపోతే తనొక్కదానికే చేపలు. ఇందులో ఆలోచించడానికేముంది?

సాయంత్రానికల్లా మడుగు చుట్టూ ముళ్ళకంచె లేచింది. రెండు తోడేళ్ళు కాపలాకి వచ్చాయి. ఒక బోర్డు కూడా వెలిసింది: ‘ఇది బండ. ఈత కొట్టరాదు.’

కంచె వేసిన మూడో రోజున తాబేలు మామ్మ సర్వే ఆఫీసుకి చేరింది. బయల్దేరింది మొదటి రోజునే.

"నాయనా, గట్టు మీద గుడ్లు పెట్టి మేతకి అటు వెళ్ళాను. తిరిగొచ్చేలోగా కంచె వేసేశారు. నా గుడ్లు లోపల, నేను బయట. ఈ ఎండకి నా వీపు మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. నన్ను మడుగులోకి పోనివ్వు."

"పటంలో మడుగు లేదు మామ్మా. లేని మడుగులోకి ఎలా పోతావు?"

"మూడు తరాలుగా అక్కడే ఉన్నామే!"

"బండ మీద ఉన్నామని రాసివ్వు, పరిశీలిస్తాం."

మామ్మ మెడ లోపలికి లాక్కుని కాసేపు ఆలోచించింది. మళ్ళీ మెడ బయటపెట్టింది.

"మరి మా మొసలి?"

ముసలిది బెదిరిస్తోందనుకుని నక్క పకపకా నవ్వింది. "నీళ్ళే లేనిచోట మొసలెక్కడిది మామ్మా!"

"ఆ మాటే రాసివ్వు నాయనా. పెద్దదాన్ని, మర్చిపోతాను."

నక్క హుషారుగా రాసింది: ‘నలభై ఏడో గడిలో నీరు లేదు, మొసలి లేదు. ఉన్నట్టు ఎవరు చెప్పినా నమ్మరాదు.’ కింద పంజా ముద్ర వేసింది. మామ్మ ఆ ఆకుని డిప్పలో దోపుకుంది.

తిరిగి వెళ్ళేసరికి తోడేళ్ళు కునుకుతున్నాయి. మామ్మ కంచె కిందుగా దూరి, మొసలిని పిలిచి ఆకు చదివి వినిపించింది.

మొసలికి చిర్రెత్తుకొచ్చింది. "అరవై ఏళ్ళుగా ఈ మడుగులో పడున్నాను. నేను లేనా?"

"ఆకు మీద లేవు నాయనా."

"ఉన్నది బండేనంటాడా? సరే, బండలాగే ఉంటాను," అని కళ్ళు మూసుకుని పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నక్క చేపల వేటకి వచ్చింది. గట్టు పక్కనే నీళ్ళలో పొడుగాటి బూడిదరంగు బండ కనిపించింది.

"చూశారర్రా? ఇక్కడ నిజంగానే బండ ఉంది! పటం అబద్ధం చెప్పదు," అని తోడేళ్ళతో అంటూ దాని మీద కాలు పెట్టింది.

బండ నోరు తెరిచింది.

"చచ్చానర్రోయ్! మొసలి! కాలు పట్టేసింది! రండి, లాగండి!"

తోడేళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "లోపలికి ఎవరూ అడుగుపెట్టకూడదని తమరి ఉత్తర్వేనండి. అయినా తమరు బండ మీదే ఉన్నారు కదండి, మునగరు."

ఆ కేకలకి అడవంతా కంచె దగ్గర పోగైంది. సింహం పటం మోయించుకుని వచ్చింది. మామ్మ డిప్పలోంచి ఆకు తీసి అందించింది. సింహం పైకి చదివింది.

"‘ఉన్నట్టు ఎవరు చెప్పినా నమ్మరాదు.’ ముద్ర నీదే. నిన్నెలా నమ్మమంటావు?"

"తప్పు రాశాను ప్రభూ! ఇది మడుగే! ఇవి నీళ్ళే!"

"నోటిమాట చెల్లదయ్యా," అంది ఎలుగు. ఇన్నాళ్ళకి దానికి సర్వే అర్థమైంది. "పటం దిద్ది ముద్ర వెయ్యాలి. దిద్దే అధికారం నీదే."

తోడేళ్ళు పటాన్ని కంచె మీదుగా అందించాయి. నక్క పంజాతో ‘బండ’ చెరిపి, బురదతో ‘మడుగు’ అని రాసింది. మామ్మ చెప్తుంటే దాని పక్కనే ‘మొసలి ఒకటి’ అని కూడా రాసి ముద్ర వేసింది.

మొసలి పళ్ళ సందుల్లోంచి అడిగింది. "ఇప్పుడు నేను ఉన్నట్టేనా?"

"ఉన్నావు బావా, నిక్షేపంలా ఉన్నావు! ఇక వదులు!"

"ఉన్నవాళ్ళకి ఆకలి కూడా ఉంటుంది కదా," అంది మొసలి.

కంచె పీకేశారు. జంతువులన్నీ కడుపు నిండా నీళ్ళు తాగాయి. మామ్మ తన గుడ్లు లెక్క చూసుకుని మడుగులోకి దిగింది.

పన్నెండో గడిలో రాజసరోవరం మాత్రం ఇంకా పటంలో అలాగే ఉంది. దాన్ని చెరిపే అధికారం ఉన్న అధికారి మొసలి కడుపులో ఉన్నాడు. అందుకని ఏటా వేసవిలో ఆ కంకర గుట్ట మీద పూడిక తీస్తూనే ఉన్నారు.

నీతి: పటం గీసేటప్పుడు నీళ్ళని మర్చిపోయినా ఫరవాలేదు, మొసలిని మాత్రం అడిగి గీయాలి.